క్లచ్ ప్లేట్లు ఎమెరీ కొట్టి మళ్లీ వేస్తే నడుస్తదా? వెయ్యి రూపాయల్లో ఇంటి దగ్గరే అయితదా?

#1 డబుల్‌స్టాండ్
అన్నలూ ఒక డౌటు, తిట్టకుండ్రి. నాది 150 సీసీ బండి, 2013 మోడల్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది, సెకండ్ హ్యాండ్ల తీసుకున్న. కూకట్‌పల్లి సైడు డెలివరీలు కొడ్త. నెల రోజుల సంది ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎక్స్‌లేటర్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది గాని బండి ముందుకు పోతలేదు, మైలేజి 48 ఇచ్చేది 39కి పడ్డది, సాయంత్రం అయ్యేసరికి ఏదో కాలిన వాసన. మెకానిక్‌కి చూపిస్తే క్లచ్ అసెంబ్లీ మొత్తం మార్చాలె 2800, లేబర్ వేరే, బండి రెండు రోజులు ఇడిచిపెట్టాలె అన్నడు. రెండు రోజులు బండి లేకుంటే నేనేం తినాలె? నా దగ్గర ఉన్నయి వెయ్యి. మా రూమ్మేట్ ఏమంటడంటే ప్లేట్లు ఇప్పి ఎమెరీ పేపర్ కొట్టి, స్ప్రింగుల కింద వాషర్లు ఏస్తే ఆర్నెల్లు గుంజొచ్చు అని. నిజమేనా? రెంచీలు, స్పానర్లు ఉన్నయి, ఇంతకుముందు చైన్ స్ప్రాకెట్, బ్రేక్ షూ నేనే మార్చుకున్న.

#2 ప్రొద్దుటూరు_పాతబండి
నడుస్తాది తమ్ముడూ, ఎందుకు నడవదు. నా బండికి రెండేండ్ల కింద ఇదే చేసినా, ఇప్పటికీ అదే ప్లేట్లు. ప్లేటు మీద నల్లగా అద్దం మాదిరి మెరుస్తాది చూడు, ఆ మెరుపు పోతే మళ్లా పట్టు వస్తాది, అంతే కత. గాజు పలక మీద ఎమెరీ పేపరు పరిచి ప్లేటు పెట్టి ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దు, ఒకే సైడు నొక్కితే వాలుగా అరుగుతాది జాగ్రత్త. వాటి మధ్యలో ఉండే స్టీల్ ప్లేట్లు గూడా రుద్దాల. స్ప్రింగుకి ఒక వాషరు. ఎమెరీ 20, కవరు కింద వేసే ప్యాకింగ్ 40, వాషర్లు ఇంట్లోనే ఉంటాయి. 2800 ఎవురికిచ్చాం!

#3 వెర్నియర్
దయచేసి ముందు ఏదీ విప్పకండి. ఇక్కడ సగం మంది క్లచ్ పోయింది అనుకునేది కేబుల్ తేడా. క్లచ్ లివర్ చివర ఆట (కేబుల్ లాగడం మొదలయ్యేలోపు ఖాళీగా కదిలే దూరం) ఎంత ఉందో చూడండి, హోండా రకం బండ్లకి చివరి దగ్గర 10 నుంచి 20 మి.మీ. ఉండాలి, బజాజ్ బండ్లకి లివర్ మొదట్లో 2, 3 మి.మీ. ఆట అసలు లేకపోతే మీరు లివర్ పట్టుకోకపోయినా క్లచ్ కొంచెం నొక్కినట్టే ఉండిపోతుంది, జారుతుంది, కాలుతుంది. హ్యాండిల్ దగ్గర ఒకటి, ఇంజన్ దగ్గర ఒకటి అడ్జస్టర్లు ఉంటాయి, పైసా ఖర్చు లేదు.
రెండోది ఆయిల్. చివరిసారి ఏం పోయించారు? డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల గుర్తు) ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందా? ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకి, వాటి క్లచ్ ఆయిల్లో మునగదు కాబట్టి జారుడు మందు కలిపినా ఫర్వాలేదు, మన బైకులకి అదే శత్రువు. కారు ఆయిల్ పోసినా అంతే.

#4 డబుల్‌స్టాండ్
ఆట అస్సలు లేదు 😐 పోయిన నెల ఒక కాడ క్లచ్ టైట్ చేయించిన, గప్పటి సంది లేదనుకుంట. ఇప్పుడు లూజ్ చేసిన, రేపు నడిపి చెప్త. ఆయిల్ అయితే 20డబ్ల్యూ50, బైకుదే, ఎంఏ2 అని ఉంది.

#5 ఆర్ఎక్స్_పొగ
ఇంత చర్చ ఎందుకు బాస్. నేను నా ఆర్ఎక్స్ 100కి ఇరవై నిమిషాల్లో మార్చేస్తా. కవర్ తీయ్, స్ప్రింగు స్క్రూలు తీయ్, ప్లేట్లు చేతికొచ్చేస్తాయి. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఇంజన్‌తో సంబంధం లేకుండా వేరేగా ఉంటుంది. చిన్నపిల్లాడు కూడా చేస్తాడు.

#6 ఆటోనగర్_మల్టీప్లేట్
#5 అన్నా మీ ఆర్ఎక్స్ వేరు, ఆ తమ్ముడి బండి వేరు. హోండా తరహా చాలా బండ్లలో ప్లేట్లని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు వెనకాల ఉంటుంది, పైన స్ప్రింగులు తీసినా ప్లేట్లు రావు, మధ్యలో క్లచ్‌ని పట్టి ఉంచే సెంటర్ నట్ ఊడదీస్తేనే వస్తాయి. అక్కడే ఇంటి దగ్గర చేసేవాళ్లు ఇరుక్కుంటారు, ఉలీ సుత్తీ పెట్టి నట్ మీద కొడతారు, ఆ తర్వాత మా షాపుకి బండి స్టాండు మీద, పార్టులు గోనెసంచిలో వస్తాయి. మా నాన్న షాపు విజయవాడ ఆటోనగర్లో, నేను పదో తరగతి నుంచి చూస్తున్నా ఈ సంచుల్ని. సంచిలో వచ్చిన దానికి లేబర్ డబుల్, ఎందుకంటే ఏది ఎక్కడిదో మేమే వెతుక్కోవాలి, కవర్‌ని సరిగ్గా కూర్చోబెట్టే చిన్న డోవెల్ పిన్ను ఒకటి తగ్గిందంటే అది ఇంజన్లో పడిందో వాళ్లింటి చూరు కింద పడిందో తెలియక చస్తాం.
ఇంకోటి, మెకానిక్ అసెంబ్లీ అన్నాడంటే మోసం అనేస్తారు. 71 వేలు తిరిగిన బండికి క్లచ్ బెల్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) గాడుల్లో ప్లేటు చెవులు కొట్టీ కొట్టీ గంట్లు పడి ఉంటాయి. అందులో కొత్త ప్లేట్లు వేస్తే ఆ గంట్లలో ఇరుక్కుని క్లచ్ వదలదు, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు, మళ్లీ మమ్మల్నే తిడతారు. అందుకని ముందే మొత్తం చెప్తాం.

#7 ప్రొద్దుటూరు_పాతబండి
గంట్లు చిన్నవైతే సన్న ఆకురాయి పెట్టి నాలుగు రుద్దులు రుద్దితే పోతాయి గదప్పా, దానికి అసెంబ్లీ ఎందుకు. మీరు విప్పి చూసినాక చెప్పండి, విప్పకముందే 2800 అంటే ఎట్లా?

#8 ఆటోనగర్_మల్టీప్లేట్
ఆ మాట ఒప్పుకుంటా. విప్పకుండా రేటు చెప్పడం తప్పే. మా నాన్న అయితే విప్పి, కస్టమర్‌కి చేతిలో పెట్టి చూపించి చెప్తాడు. అందరూ అలా ఉండరు.

#9 వెర్నియర్
ఎమెరీ గురించి. మెరుపు పోతే పట్టు వస్తుంది అన్నది నిజమే, కొన్నాళ్లు వస్తుంది. కానీ మెరుపు ఒక్కటే సమస్య అయితేనే అది వైద్యం. ప్లేటు మందం తగ్గి జారుతుంటే ఎమెరీ ఉన్న మందాన్ని ఇంకా తినేస్తుంది. చిన్న హోండా బండ్ల లెక్క చెప్తా, కొత్త ప్లేటు సుమారు 3 మి.మీ., 2.6 కి వస్తే మార్చమంటారు. 0.4 ఏపాటిది అనిపిస్తుంది కదా, ఐదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి మొత్తం కట్ట 2 మి.మీ. సన్నబడింది. ఆ 2 మి.మీ. మేర స్ప్రింగులు సాగి కూర్చుంటాయి, సాగిన స్ప్రింగు నొక్కే బలం తగ్గుతుంది, అదే జారుడు. పైగా ఏళ్లకేళ్లు వేడికి స్ప్రింగు తనంతట తానే పొట్టిదవుతుంది.
ఇంకో సంగతి, ఎమెరీ రవ్వ ప్లేటు మీది మెత్తటి లైనింగులో గుచ్చుకుని ఉండిపోతుంది, కిరసనాయిలుతో ఎంత కడిగినా మొత్తం పోదు. తర్వాత అది స్టీల్ ప్లేటుని గీస్తుంది, ఆయిల్లో కలిసి బేరింగుల దాకా వెళ్తుంది. ఆ ఆయిలే కదా ఇంజన్ మొత్తం తిరిగేది. రుద్దాలనే అనుకుంటే పొడిగా మాత్రం రుద్దకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

#10 ప్రొద్దుటూరు_పాతబండి
అయితే మీ లెక్క ప్రకారమే వాషరు కరెక్టు గదా సారూ. కట్ట 2 మి.మీ. సన్నబడింది, నేను 1 మి.మీ. వాషరు పెట్టినా, స్ప్రింగుకి పోయిన బలంలో సగం తిరిగొచ్చింది. లివరు గట్టిపడతాది, కేబులు తెగుతాది అని భయపెడతారు అందరూ, యాడ గట్టిపడతాది? కొత్త బండి కంటే ఇంకా తక్కువే నొక్కుతాండాది స్ప్రింగు. మీ లెక్కే నాకు సాక్షి 😀

#11 వెర్నియర్
బాగా పట్టుకున్నారు, ఇది కాదనలేను. ప్లేట్లు నిజంగా అంత అరిగి ఉంటే 1 మి.మీ. వాషర్‌తో లివర్ కొత్త బండికంటే బరువవదు. ప్రమాదం ఎక్కడంటే జనం కొలవరు. అరగని ప్లేట్లకి, లేదా కొత్త ప్లేట్లకి కూడా "పట్టు బాగుంటుంది" అని వాషర్లు వేస్తారు, అప్పుడు లివర్ నొక్కితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతాయి, క్లచ్ పూర్తిగా వదలదు, బండి సిగ్నల్ దగ్గర ముందున్న ఆటోని ముద్దు పెట్టుకుంటుంది. ఇంకా, 2.6 దాటాక లైనింగు అట్టలు అట్టలుగా ఊడటం మొదలైతే ఆ ముక్కలు ఆయిల్ జల్లెడలో కూర్చుంటాయి. మీది రెండేళ్లు నడిచింది అంటే నమ్ముతాను, మీరు రోజుకెంత తిరుగుతారు?

#12 ప్రొద్దుటూరు_పాతబండి
నేనా, అంగడికి పోయి రావడం, రోజుకి 6 కిలోమీటర్లు ఉంటాదేమో

#13 ఆటోనగర్_మల్టీప్లేట్
😂😂 ఆ తమ్ముడు ఒక్క లంచ్ టైములో తిరుగుతాడు అంత

#14 ప్రొద్దుటూరు_పాతబండి
నవ్వండి నవ్వండి. రెండేండ్లకి నాలుగు వేల కిలోమీటర్లు దాటింది గదా. వాని దగ్గర దుడ్లు లేవు, వానికి కావాల్సింది మూడు నెలలు గడవడమే, మీరు జపాన్ ఫ్యాక్టరీ లెక్క చెప్తాండారు.

#15 అరకు_హాఫ్‌క్లచ్
నా అనుభవం చెప్పనా, అరకు ఘాట్ ఎక్కుతుంటే, ఇద్దరం, వెనక బ్యాగు, రుద్ది వేయించిన ప్లేట్లే, మూడో మలుపు దాకా బాగానే లాగింది, ప్లేట్లు వేడెక్కాక మొదలైంది జారడం, ఫస్ట్ గేర్లో కూడా కదలదు, దిగి తోసుకుంటూ నడిచాం. వెనకాల లారీ హారన్ ఇంకా చెవిలో ఉంది. టౌన్లో బాగుంది అంటే బాగున్నట్టు కాదండీ. ఇందులో నా తప్పు కూడా ఉంది, ఎక్కడం అంతా సగం క్లచ్ పట్టుకునే, పేరు చూశారుగా.

#16 డబుల్‌స్టాండ్
అప్‌డేట్. ఆట సెట్ చేసినంక కాలిన వాసన బంద్ అయింది గాని జారుడు పోలే. నలభై స్పీడుల టాప్ గేరు ఏసి ఒక్కసారి ఫుల్ ఎక్స్‌లేటర్ ఇచ్చి చూసిన, ఆర్పీఎం లేస్తుంది స్పీడు లేస్తలేదు. అంటే నెల రోజులు ఆట లేకుండ నడిపి నేనే కాల్చిన అన్నట్టు. ఆదివారం పొద్దుగాల ఇప్పుత. సెంటర్ నట్‌కి ఏం చెయ్యాలె, క్లచ్ తిరగకుండ పట్టే హోల్డర్ నా కాడ లేదు.

#17 ఆటోనగర్_మల్టీప్లేట్
సరే, సంచిలో రాకుండా ఉండాలని చెప్తున్నా. ఆయిల్ మొత్తం దింపక్కర్లేదు, కవర్ కుడి పక్క కదా, బండిని ఎడమకి బాగా వాల్చి గోడకి ఆనించు, ఆయిల్ అటు పోతుంది. కవర్ బోల్టులు పొడుగూ పొట్టీ ఉంటాయి, అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి ఏ బోల్టు అక్కడే గుచ్చు. నట్ లాకు వాషర్ మడిచి ఉంటే ముందు చదును చెయ్యి. టాప్ గేర్ వేసి వెనక బ్రేకు ఎవరినైనా గట్టిగా తొక్కమను, సెంటర్ కదలదు, అప్పుడు సరైన సాకెట్‌తో ఒక్క ఊపు. ఉలి ముట్టుకోవద్దు. తిరిగి వేసేటప్పుడు స్ప్రింగు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు, అవి 6 ఎంఎం బోల్టులు, 10, 12 న్యూటన్ మీటర్లు చాలు, బలం చూపిస్తే అల్యూమినియం స్తంభం విరుగుతుంది, అప్పుడు నిజంగానే 2800. ప్యాకింగ్ కొత్తది వెయ్యి, అనబాండ్ గమ్ము పేస్టులా పూయకు, లోపలికి పిండుకున్నది జల్లెడకి పోతుంది.

#18 వెర్నియర్
స్టీల్ ప్లేట్లు గాజు మీద పెట్టి ఫీలర్ గేజ్ (మందం తెలిసిన సన్న రేకు) దూర్చి చూడండి, 0.2 మి.మీ. దూరితే వంగినట్టే. నీలం రంగు వచ్చినంత మాత్రాన పారేయనక్కర్లేదు. కొత్త ప్లేట్లు కొంటే రాత్రంతా ఇంజన్ ఆయిల్లో నానబెట్టండి, పొడి ప్లేటు మొదట్లోనే కాలిపోవచ్చు. అందుకని ఆదివారం విప్పి ఆదివారమే కొనుక్కొచ్చి వేద్దాం అనుకోకండి, శనివారమే కొనండి.

#19 డబుల్‌స్టాండ్
అయిపోయింది అన్నలూ, రాత్రి తొమ్మిదింటికి. శనివారం పుత్లీబౌలి స్పేర్ పార్టుల బజారుకి పోయి ప్లేట్లు స్ప్రింగులు ప్యాకింగ్ తెచ్చి నానబెట్టిన, స్టీల్‌యి కొనలే, చూసి కొందాం అని. పొద్దున ఏడింటికి మొదలువెట్టిన. కవర్ రాలే, ఒక బోల్టు సైలెన్సర్ ఎనక దాక్కున్నది అది చూడకుండ గంట సేపు కొట్టిన. నట్‌కి సాకెట్ లేదు, పక్క గల్లీల పంచర్ షాపు అన్న ఇచ్చిండు, రూమ్మేట్ బ్రేక్ మీద నిలవడ్డడు, ఒక్క ఊపుకి రాలే, నాలుగు ఊపులకి వచ్చింది. వెర్నియర్ అన్న పేరు చూసి నేను గూడ మందం కొలిచే ప్లాస్టిక్ వెర్నియర్ అడుక్కొచ్చిన. పాత ప్లేట్లు 2.5, ఒకటైతే 2.4. స్ప్రింగులు కొత్తయిటి పక్కన పెడితే కంటికే కనవడుతుంది, మిల్లీమీటరున్నర పొట్టి. అంటే ఎమెరీ కొట్టేందుకు అండ్ల ఏం మిగల్లే. బెల్ గంట్లు ఉన్నయి గాని గోరు తట్టేంతనే, సన్న ఆకురాయితోని ప్రొద్దుటూరు అన్న చెప్పినట్టు రుద్దిన. స్టీల్‌యి ఒకటి వంగింది, తెలిసిన మెకానిక్ కాడ పాతదే మంచిది దొరికింది, 50 తీసుకున్నడు.
ప్లేట్లు 540, స్ప్రింగులు 90, ప్యాకింగ్ 45, స్టీల్ 50, ఆయిల్ నల్లగ అయింది చూసి అది గూడ మార్చిన 390. మొత్తం 1115. రూమ్మేట్ కాడ 115 అప్పు. ఒక్కటే లొల్లి, కవర్ బిగించినంక కిక్కు కొడితే ఎనకకి వస్తలేదు, మళ్ల ఇప్పి చూస్తే కిక్కు స్ప్రింగు కొక్కెం ఊడింది, గందుకే తొమ్మిదయింది. ఇయ్యాల ఫ్లైఓవర్ థర్డ్ గేర్ల ఎక్కింది.

#20 ఆటోనగర్_మల్టీప్లేట్
శభాష్. కానీ ఆ రోజంతా నీ డెలివరీలు పోయాయి కదా, అది లెక్కలో వేశావా? మా లేబర్ 400 అయ్యేది, రెండు గంటల పని.

#21 డబుల్‌స్టాండ్
ఆదివారం పొద్దుగాల నాకు ఆర్డర్లు ఎట్లాగూ తక్కువ అన్నా. సాయంత్రం పోయింది, అది మాత్రం నిజం.

#22 ప్రొద్దుటూరు_పాతబండి
2.4 అంటే నేను గూడా రుద్దమని చెప్పను, అది చచ్చిపోయిన ప్లేటు. 2.8 ఉండింటే నా మాటే గెల్చేది. సరే, ఆ వంగిన స్టీల్ ప్లేటు పారేసినావా? పారేయొద్దు, దానికి ఒక ఇనప పట్టీ వెల్డింగ్ చేపించుకో, లోపలి పళ్లు క్లచ్ సెంటర్‌కి సరిగ్గా పడతాయి, ఈసారి నట్ విప్పేటప్పుడు బ్రేకు తొక్కే మనిషి అక్కర్లా. నాది అట్లా చేసిందే, పదేండ్లయింది.

#23 డబుల్‌స్టాండ్
అరె, రూమ్మేట్ దాని మీద చాయ్ గిన్నె పెడుతుండు అన్నా. ఇయ్యాల్నే గుంజుకుంట.