నీల్ ద్వీపంలో రెండు రోజులు: ఏ చోటికి ఏ వేళకు వెళ్లాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి):
నమస్కారమండి. క్రిస్మస్ సెలవుల్లో అండమాన్ వెళ్తున్నాము. అందులో రెండు రాత్రులు నీల్ ద్వీపంలో, అంటే 2018 డిసెంబరులో షహీద్ ద్వీప్‌గా పేరు మారిన చోట, ఉండాలని నిశ్చయించుకున్నాము. మా అమ్మగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. పిల్లలకు 12, 9 ఏళ్లు. ప్రయాణ ఏర్పాట్లు చేసేవారు పంపిన పట్టికలో, దిగిన రోజు భోజనం కాగానే సహజ శిలావంతెన, సాయంత్రం ఆరింటికి లక్ష్మణ్‌పూర్ తీరాన సూర్యాస్తమయం, మర్నాడు భరత్‌పూర్, సీతాపూర్ అని ఉంది. ద్వీపం 14 చదరపు కిలోమీటర్లకు మించదని విన్నాను కనుక మేమే తిరుగుదామనుకుంటున్నాము. ఈ క్రమం సరైనదేనా?

జవాబు 1 (11 ఏళ్లుగా పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన చోట, నివాసం):
ఆ పట్టికలో ఆటుపోట్ల ఊసే లేదండి. నీల్‌లో మొదట చూసుకోవలసింది అదే. పోటు మీద ఉన్నప్పుడు శిలావంతెన అడుగుభాగం నీటిలో ఉంటుంది, అక్కడికి నడిచి వెళ్లడం కుదరదు. భరత్‌పూర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం: నీరు తీసినప్పుడు పగడపు దిబ్బలు బయటపడి ఈతకు పనికిరాదు, నీరు నిండుగా ఉన్నప్పుడే బాగుంటుంది. ఒక పోటుకు మరో పోటుకు మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఈ వేళలు రోజుకు ఇంచుమించు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంటాయి.

స్థూలంగా తెలుసుకోవడానికి ఇంట్లో పంచాంగం చాలు. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య నీరు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఉదయం తొమ్మిది, పది గంటలకు దిగుతుంది గాని, అప్పుడు అంత దూరం వెనక్కి పోదు. కచ్చితమైన వేళ కోసం పోర్ట్‌బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక తప్పక చూడండి. నీరు పూర్తిగా దిగడానికి గంట ముందు వంతెన దగ్గరకు చేరుకుంటే, మళ్లీ పోటు మొదలయ్యేలోగా తిరిగి రావచ్చు.

సూర్యాస్తమయం వేళ కూడా తప్పే. మన గడియారాలు నడిచేది మీ కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. నీల్ దాదాపు 93 డిగ్రీల దగ్గరుంది కనుక అక్కడ సూర్యుడు 40 నిమిషాలకు పైగా ముందుంటాడు. డిసెంబరు చివర ఐదింటికే అస్తమిస్తాడు, ఉదయం ఐదున్నర దాటగానే సీతాపూర్‌లో కనిపిస్తాడు.

జవాబు 2 (హనుమకొండ నుంచి, మా అమ్మగారితో వెళ్లివచ్చాము):
పై మాటలన్నీ నిజమే గాని, పెద్దావిడను వంతెన దాకా నడిపించవద్దని నా మనవి. దారి పొడవునా ఎగుడుదిగుడు పగడపు రాళ్లు, తడి, పాచి. చెప్పులతో మేమే రెండుసార్లు జారాము. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. మా అమ్మగారు ఒడ్డున చెట్ల నీడన కూర్చుంటే, మేము వంతులవారీగా వెళ్లివచ్చాము. ఆవిడకు నచ్చింది భరత్‌పూర్‌లో అడుగున అద్దమున్న పడవ. కాలు తడవకుండా పగడాలు, చేపలు చూశారు. ఆ రోజంతటికీ ఆవిడ కోసం ఒక ఆటో మాట్లాడుకుని, మేము అద్దె సైకిళ్లు తీసుకున్నాము. సీతాపూర్ దారిలో అరటి, పోక తోటలు, కూరగాయల మళ్లు ఉంటాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు పండించే ఆ కూరగాయలే పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్తాయి. రామ్‌నగర్ కూడా చూశామనగానే అమ్మ ఊళ్ల పేర్లన్నీ వరసగా చెప్పి, రామాయణంలో తిరిగినట్టుందని మురిసిపోయారు.

పిల్లలకు ఒక మాట ముందే చెప్పండి: చనిపోయిన పగడపు ముక్కైనా, గవ్వైనా తీసుకురాకూడదు. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. నీటి గుంటల్లో కనిపించే సముద్ర దోసకాయలను (దోసకాయ ఆకారంలో ఉండే మెత్తని ప్రాణులను) కూడా చూడటమే తప్ప ముట్టుకోనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పంచాంగం చూశాను, మేము దిగేది పౌర్ణమికి ముందు రోజు ఉదయం. అంటే మధ్యాహ్నం మూడింటి లోపే నీరు దిగుతుందన్నమాట. మొదట వంతెన, అక్కడినుంచి నేరుగా లక్ష్మణ్‌పూర్ సూర్యాస్తమయం, మర్నాడు తెల్లవారుజామున సీతాపూర్, ఉదయం తొమ్మిదికి భరత్‌పూర్ అని మార్చుకుంటే సరిపోతుందా?

జవాబు 1:
సరిగ్గా సరిపోతుందండి. భరత్‌పూర్‌లో అప్పటికి నీరు నిండుతూ ఉంటుంది. అయితే గాలివాన వస్తే పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే పడవలు ఆగిపోవచ్చు. కనుక నీల్ నుంచి వచ్చిన రోజే విమానం పెట్టుకోకుండా, పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి ఉండేట్టు టిక్కెట్లు తీసుకోండి.