కళాశాలలో వీర సైనికుడి స్మారకం: విగ్రహమా, శిలాఫలకమా?

వాల్తేరు పూర్వ విద్యార్థి
విశాఖలో మేము చదివిన కళాశాల ఎన్‌సీసీ క్యాడెట్ ఒకరు తరువాత సైన్యంలో చేరి, సరిహద్దు పోరులో ప్రాణాలిచ్చారు. ప్రధాన ద్వారం ఎదుట ఆయన నిలువెత్తు కంచు విగ్రహం పెట్టాలని పూర్వ విద్యార్థులు కొందరు చందాలు పోగుచేస్తున్నారు. నేను ఒప్పుకోను. బీచ్ రోడ్డులో విగ్రహాలకు కొదవా? జయంతికి దండ, వర్ధంతికి దండ, మిగిలిన రోజుల్లో కాకులు. ఆయన కవాతు నేర్చుకున్న మైదానం పక్కన నల్లరాతి ఫలకం చాలు. పేరు, చదివిన సంవత్సరాలు, ఎక్కడ, ఏ పోరులో మరణించారో దాని మీద ఉండాలి.

మద్దిలపాలెం
విగ్రహం కావాలి సార్. కోరుకొండ సైనిక్ పాఠశాలలో చదివిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరులయ్యారు. మరుసటి ఏడాదే సూర్యాపేటలో ఆయన విగ్రహం వెలిసింది. ఆ దారిన వెళ్లే పిల్లవాడు తలెత్తి చూసి ‘ఈయన ఎవరు?’ అని తండ్రిని అడుగుతాడు. మైదానం మూలన ఉన్న రాయిని చూసి ఎవరు అడుగుతారు? చనిపోయింది మన క్యాంటీన్‌లో టీ తాగిన మనిషి. ఆయన ముఖం పిల్లలకు తెలియాలి.

వాల్తేరు పూర్వ విద్యార్థి
ముఖం తెలిస్తే సరిపోతుందా? అమెరికాలో వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్ సంగతి చూడండి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864 మే 15న న్యూమార్కెట్ యుద్ధానికి ఆ విద్యాలయం నుంచి 257 మంది క్యాడెట్లను పంపారు. పదిమంది కుర్రాళ్లు పోయారు. అదే యుద్ధంలో పోరాడిన క్యాడెట్ మోజెస్ ఎజెకియల్ పెద్దయ్యాక శిల్పి అయ్యాడు. తన తోటివారి కోసం అతడు చేసిన శోకిస్తున్న స్త్రీమూర్తి విగ్రహాన్ని 1903లో అక్కడ ఆవిష్కరించారు. పదిమందిలో ఆరుగురి సమాధులు అక్కడే ఉన్నాయి. ఏటా మే 15న ఆ పేర్లు పిలుస్తారు. పిలిచిన ప్రతి పేరుకూ నేటి క్యాడెట్ ఒకరు, యుద్ధభూమిలో మరణించారని బదులిస్తారు.

చదువుతుంటే నాకు గుండె బరువెక్కింది. అయితే ఆ కుర్రాళ్లు పోరాడింది బానిసత్వాన్ని నిలబెట్టాలని యుద్ధానికి దిగిన పక్షాన. ఏడుస్తున్న ఆ స్త్రీమూర్తి ఆ మాట చెప్పదు. కన్నీరు నిజమైనదే, చరిత్ర మాత్రం సగమే. అందుకే నేను అక్షరాలు అడుగుతున్నాను.

మద్దిలపాలెం
మన సైనికుణ్ణి వాళ్లతో పోలుస్తారా? ఆయన దేశాన్ని కాపాడుతూ పోయారు. ఈ మాట వారి ఇంటివాళ్లు చదివితే ఎంత బాధపడతారు?

వాల్తేరు పూర్వ విద్యార్థి
మనుషులను పోల్చలేదండీ, స్మారకాల తీరు గురించి అన్నాను. మనవాడు ఎందుకు పోరాడాడో గర్వంగా చెప్పుకోగలం. అలాంటప్పుడు ఆ మాట రాయడానికి వెనుకాడటం ఎందుకు?

మాజీ ఎన్‌సీసీ క్యాడెట్
పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, సైనికాధికారులు కాబోయే వారికి శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ‘హట్ ఆఫ్ రిమెంబ్రెన్స్’ ఉంది. క్యాడెట్లే శ్రమదానంతో కట్టిన చిన్న కట్టడం. అక్కడ చదివి అమరులైన వారి పేర్లు అందులో ఉంటాయి. మన పిల్లల చేత కూడా పునాది తవ్విద్దాం. చేతులకు మట్టి అంటిన పిల్లవాడు ఆ పేరు మరచిపోడు. ఒక్క జాగ్రత్త: ఇనుప అక్షరాలు అతికించవద్దు. సముద్రపు ఉప్పుగాలికి రెండు మూడు వానాకాలాల్లో తుప్పు కారి రాయంతా మరకలవుతుంది. రాతిలోకే లోతుగా చెక్కించండి. ఇంకొకరి పేరు రాయవలసి వస్తే చోటు కావాలి. రాకూడదనే కోరుకుంటాను, అయినా ఆ చోటు ఖాళీగా ఉంచండి.

మద్దిలపాలెం
శ్రమదానం మాట బాగుంది, ఆ రోజు నేనూ పలుగు పట్టుకుంటాను. ఫలకానికి ఒప్పుకుంటాను కానీ మైదానం మూలన కాదు, ద్వారం దగ్గరే పెట్టాలి. పైన ఆయన ఎన్‌సీసీ యూనిఫాంలో ఉన్న ముఖం చెక్కాలి. ఈ రెండింటి మీద వెనక్కి తగ్గను.