ఖాజాగూడ బండల్ని కోడ్‌తోటి గీయాలంటే ఎట్ల?

గుండ్రాయి_గచ్చిబౌలి:
నమస్తే అందరికీ. రోజూ ఆఫీసుకి పోయేటప్పుడు హైదరాబాద్‌ల ఖాజాగూడ గుట్టల మీద పేర్చినట్టుండే బండలు చూస్తుంటా, వాటిని ఫొటోలెక్క కాకుండా ఉత్త గీతలతోటి అబ్‌స్ట్రాక్ట్‌గా చేద్దామని పీ5 జేఎస్ (కోడ్‌తోటి బొమ్మలు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) మొదలుపెట్టిన. వృత్తం చుట్టూ పాయింట్లు పెట్టి ఒక్కోదాని దూరం రాండమ్‌తోటి మారిస్తే బండ కాదు, ఉమ్మెత్తకాయ వస్తుంది. ఇంటర్ల ఎంపీసీనే గానీ సైన్, కాస్ ఎప్పుడో ఎగిరిపోయినయ్. జర చెప్పుండ్రి.

నాయిస్_నర్సిగాడు:
రాండమ్ తీసెయ్ భాయ్, పీ5లనే ఉండే నాయిస్ ఫంక్షన్ పెట్టు. రాండమ్‌ల ఒక నంబర్‌కి పక్క నంబర్‌తోటి సంబంధమే ఉండదు, నాయిస్‌ల పక్కపక్క విలువలు దగ్గరదగ్గరగా ఉంటయ్, అందుకే ఎత్తుపల్లాలు మెల్లగ వస్తయ్. 1983ల కెన్ పెర్లిన్ అనే కంప్యూటర్ సైంటిస్ట్ చేసిండు, 1997ల దానికే టెక్నికల్ ఆస్కార్ ఇచ్చిండ్రు. కానీ కోణాన్ని సీదా నాయిస్‌కి ఇయ్యకు, 0 దగ్గర మొదలైన గీత 360 దగ్గర కలవదు, బండకి ఒక పక్క మెట్టు పడతది. కోణం కాస్‌ని ఎక్స్ లెక్క, సైన్‌ని వై లెక్క ఇయ్యి, చుట్టు తిరిగి మొదటికే వస్తది కాబట్టి అతుకు కనపడదు. రెండిటికీ 1 కలుపు, ఎందుకంటే పీ5 మైనస్‌ని ప్లస్ లెక్కనే తీసుకుంటది, కలపకపోతే బండ రెండు పక్కలా సేమ్ వస్తది.

పూలపిచ్చి:
పొద్దుతిరుగుడు పువ్వుల గింజల డిజైన్ ట్రై చెయ్ బ్రో, ఒక్కో చుక్కకి 137.5 డిగ్రీలు తిప్పుతూ పో, దూరం చుక్క నంబర్ వర్గమూలం. రెండు లైన్ల కోడ్.

రాళ్ళపల్లి_అక్క:
అది అందరూ చేసేదే కదండీ, ఆయన అడిగింది బండలు! నాయిస్ బాగానే ఉంటుంది కానీ అది బండ ఆకారాన్ని కాపీ కొట్టడమే, అసలు ఆ రాళ్ళు ఎలా గుండ్రంగా అయ్యాయో దాన్ని కోడ్ చేయండి. గ్రానైట్‌లో నిలువుగా అడ్డంగా పగుళ్ళు ఉంటాయి, నీళ్ళు అందులోకి దిగి రాయిని పాడుచేస్తాయి, మూలలకి రెండు మూడు వైపుల నుంచి దెబ్బ తగులుతుంది కాబట్టి ముందు అవే పోతాయి. చైకిన్ పద్ధతి అని 1974 నాటిది ఒకటుంది, అచ్చం ఇదే పని. ముందు వంకరటింకర గళ్ళు గీయండి, ప్రతి గడిలో ఒక్కో గీతని పావు దగ్గర, ముప్పావు దగ్గర గుర్తుపెట్టి ఆ గుర్తుల్ని కలపండి, మూలలు తెగిపోతాయి. నాలుగైదు సార్లు చేస్తే గుండ్రాయి. పాత గీతలు మాత్రం చెరపొద్దు, అన్నీ సన్నగా ఒకదాని మీద ఒకటి వదిలేయండి, అప్పుడే బొమ్మకి ప్రాణం. రంగులు కూడా ఒకటి రెండు చాలు, ఇంద్రధనుస్సు పూస్తే మాత్రం నేను లైక్ కొట్టను.

గుండ్రాయి_గచ్చిబౌలి:
అక్కా సూపర్, గళ్ళ నుంచి బండలు వస్తున్నయ్! నర్సన్నా, నీ నాయిస్‌తోటి గళ్ళని వంకర చేసిన. కానీ రన్ చేసినప్పుడల్లా కొత్త బొమ్మ వస్తుంది, నచ్చింది పోతుంది. ఏ3ల ప్రింట్ తీయాలె.

నాయిస్_నర్సిగాడు:
నాయిస్ సీడ్, రాండమ్ సీడ్ (అవి ఏ నంబర్ నుంచి మొదలుకావాలో చెప్పేటివి) రెండిటికీ ఒక నంబర్ ఫిక్స్ చెయ్, అదే బొమ్మ మళ్ళ వస్తది. ఏ3కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3508 బై 4961 పిక్సెళ్ళు. కొలతలన్నీ కాన్వాస్ విడ్త్‌తోటి గుణించి రాయి, లేకపోతే కాన్వాస్ పెద్దగైతది, బండలు మూలకే ఉంటయ్.