ఎమ్మారై చెప్పిన దశను నమ్మి నరాలు తీయించుకోవాలా?

కృష్ణలంక అబ్బాయి:
మా నాన్నగారికి 66 ఏళ్లు, ప్రొస్టేట్‌ క్యాన్సర్‌ అని తేలింది. రక్తపరీక్షలో పీఎస్‌ఏ 11 ఉంది, బయాప్సీలో వ్యాధి తీవ్రతను చెప్పే గ్లీసన్‌ స్కోరు 3+4 (మధ్యరకం) వచ్చింది. డాక్టరుగారు మలద్వారం గుండా వేలితో పరీక్షించినప్పుడు గడ్డేమీ తగలకపోవడంతో టి1సి అని, అంటే వేలికి తగలని తొలి దశ అని రాశారు. ఎమ్మారై రిపోర్టులో మాత్రం ప్రొస్టేట్‌ ఎడమవైపు మచ్చ 16 మిల్లీమీటర్ల మేర ప్రొస్టేట్‌ చుట్టూ ఉండే పొరను ఆనుకుని ఉందనీ, అక్కడ పొర ఉబ్బినట్లు కనిపిస్తోందనీ, వ్యాధి పొర దాటి టి3ఎ దశకు చేరి ఉండవచ్చుననీ ఉంది. అందువల్ల ప్రొస్టేట్‌ తీసేసే ఆపరేషన్‌లో, దాని పక్కనే ఉండే ఎడమవైపు నరాల కట్టను కూడా తీసేయాలంటున్నారు. ఒక్క స్కాన్‌ను పట్టుకుని అంత నిర్ణయం తీసుకోవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

లెక్కల మాస్టారు:
తీసుకోకూడదు. 2016లో 75 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు, వ్యాధి పొర దాటిందో లేదో పట్టుకోవడంలో ఎమ్మారైకి వచ్చిన మార్కులు 57 శాతం. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తాయి కదా. పైగా అమెరికన్‌ క్యాన్సర్‌ కమిటీ 8వ కూర్పు ప్రకారం ఆపరేషన్‌కు ముందు రాసే టి దశను వేలి పరీక్షతోనే నిర్ణయించాలి, స్కాన్‌ను అందులో లెక్కలోకి తీసుకోరు. మీ నాన్నగారిది ఈరోజుకీ టి1సి మాత్రమే. ఇలాంటి రిపోర్టును నమ్మినందుకు నాకు జరిగిన నష్టం ఇక పూడేది కాదు. ఆపరేషన్‌ తర్వాత ల్యాబు పరీక్షలో వ్యాధి పొర లోపలే ఉన్నట్లు తేలింది.

ఫిల్మ్‌ చదివేవాడు:
నేను రేడియాలజిస్టును. మాస్టారు చెప్పిన అంకె సరైనదే కాని, దానికి చెప్పిన అర్థం సరైనది కాదు. వ్యాధి నిజంగా పొర దాటిన 100 మందిలో 57 మందిని ఎమ్మారై పట్టుకుంటుందని ఆ అంకె చెబుతుంది. దాటని 100 మందిలో 91 మందికి దాటలేదనే చెబుతుందని అదే అధ్యయనంలో ఉంది. ఉదాహరణకు 100 మందిలో 30 మందికి పొర దాటిందనుకుంటే, మా రిపోర్టులు సుమారు 17 మందిని పట్టుకుంటాయి, 13 మందిని వదిలేస్తాయి, దాటని 70 మందిలో ఆరుగురికి దాటిందని పొరపాటుగా చెబుతాయి. అంటే దాటిందని రాసిన 23 రిపోర్టులలో తప్పేవి నాలుగింట ఒకటి. ఇక వేలి పరీక్ష సంగతి: వేలికి అందేది వెనుక భాగం మాత్రమే, ముందు భాగంలో ఏముందో దానికి తెలిసే అవకాశమే లేదు. దశను రాసే పద్ధతి వేరు, ఆపరేషన్‌ ఎలా చేయాలో ఆలోచించుకునే పద్ధతి వేరు.

కృష్ణలంక అబ్బాయిగారూ, బయాప్సీ అయిన ఎన్నాళ్లకు ఎమ్మారై తీశారు?

విజయనగరం వాసి:
మా అన్నయ్యకు ఎమ్మారై తీయకుండానే, వేలికి ఏమీ తగల్లేదని రెండువైపులా నరాలు ఉంచి ఆపరేషన్‌ చేశారు. తీసిన ముక్క అంచుదాకా వ్యాధి ఉందని తర్వాత తేలింది. పీఎస్‌ఏ మళ్లీ పెరిగి, రేడియేషన్‌ తీసుకోవలసి వచ్చింది. మాస్టారు పొగుడుతున్న వేలి పరీక్ష విలువ అంతే.

లీడ్స్‌ నుంచి:
బ్రిటన్‌లో 2019 నుంచి నైస్‌ (అక్కడి వైద్య మార్గదర్శకాలు రూపొందించే సంస్థ) మార్గదర్శకాల ప్రకారం బయాప్సీకి ముందే ఎమ్మారై తీస్తున్నారు.

లెక్కల మాస్టారు:
నేను వేలిని పొగడలేదు. నాలుగింట ఒకటి తప్పుతుందని రేడియాలజిస్టుగారే ఒప్పుకున్నారు, ఆ నాలుగో మనిషిని నేను. మీరు ‘అయి ఉండవచ్చు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. కోసేవారు ఆ ‘ఉండవచ్చు’ను ‘ఉంది’ అని చదువుకుంటారు. అనుభవించేది మేము.

హన్మకొండ వెంకట్‌:
ఇదంతా ఎందుకండీ, పీఎస్‌ఎంఏ పెట్‌ స్కాన్‌ తీయిస్తే సరిపోతుంది కదా.

ఫిల్మ్‌ చదివేవాడు:
వెంకట్‌గారూ, ఒళ్లంతా చూసే ఆ స్కాన్‌, వ్యాధి లింఫ్‌ గ్రంథులకో ఎముకలకో పాకిందా అన్న ప్రశ్నకు పనికివస్తుంది. 2020లో వెలువడిన ఆస్ట్రేలియా ప్రయోగంలో, ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో దాని కచ్చితత్వం 92 శాతం, పాత పద్ధతిలో తీసే సీటీ, బోన్‌ స్కాన్‌లది 65 శాతం. మిల్లీమీటరు మందం లేని పొర దగ్గర ఏం జరుగుతోందో చూడటానికి ఇప్పటికీ ఎమ్మారైయే ఆధారం.

మాస్టారూ, అనుమానాన్ని అనుమానంగా రాయడమే నా వృత్తి ధర్మం. కచ్చితంగా తెలియనిదాన్ని తెలిసినట్లు రాయమంటారా? మీ సర్జన్‌ తీసుకున్న నిర్ణయాన్ని మా రిపోర్టుకు అంటగట్టడం న్యాయం కాదు.

విజయనగరం వాసి:
మొదటి నుంచీ ‘నష్టం, నష్టం’ అంటున్నారే కాని ఆ నష్టమేమిటో మాస్టారు చెప్పడం లేదు. వ్యాధి పోయింది, మనిషి బతికి ఉన్నారు. మా అన్నయ్య ఇప్పటికీ మూడు నెలలకొకసారి పీఎస్‌ఏ చేయించుకుని, రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించక తిరుగుతుంటాడు. నష్టమంటే అది.

లెక్కల మాస్టారు:
చెప్పమన్నారు కనుక చెబుతాను. అప్పటికి నా వయసు 58. రెండువైపులా నరాలు తీసేశారు. అంగస్తంభనకు కావలసిన నరాలవి. ఆనాటి నుంచి నాకు దాంపత్య జీవితమన్నది లేదు. మాత్రలు పనిచేయలేదు, ఇంజెక్షన్లు మా ఇద్దరికీ రోత పుట్టించాయి. సంతకం చేయించుకున్న కాగితంలో ఆ సంగతి ఒక వరుసలో ఉందట, నోటితో మాత్రం ఎవరూ చెప్పలేదు. ‘ఒకవైపు ఉంచితే కొంత ముప్పు ఉంది, మీరేమంటారు?’ అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ ముప్పుకు నేను సిద్ధపడేవాణ్ని. 57 శాతం గురించి నేను అంతగా పట్టుబట్టేది అందుకే. అంత సందేహం ఉన్నచోట అడగవలసింది నన్ను.

విజయనగరం వాసి:
మీ బాధ అర్థమైంది. అయినా ఇక్కడ మాట్లాడుతున్నది 66 ఏళ్ల పెద్దాయన గురించి. ఆ వయసులో ప్రాణం ముందా, అది ముందా?

లెక్కల మాస్టారు:
66 ఏళ్లకు అక్కర్లేదని ఎవరు తేల్చారు? మీరా, ఆయన కొడుకా, సర్జనా?

లీడ్స్‌ నుంచి:
రెండింటికీ మధ్య దారి ఒకటి ఉంది. నరాలను ఉంచి, ఆపరేషన్‌ జరుగుతుండగానే, తీసిన ప్రొస్టేట్‌లో ఆ నరాల వైపు అంచును అతిచల్లగా గడ్డకట్టించి మైక్రోస్కోపులో చూసి, అక్కడ వ్యాధి కనిపిస్తేనే నరాలు తీసే పద్ధతి. బ్రిటన్‌ ఆసుపత్రుల్లో జరిపిన ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చాయి, ఆ పద్ధతిలో చేయించుకున్నవారికి ఏడాది తర్వాత అంగస్తంభన మెరుగ్గా ఉంది. అయితే అన్నిచోట్లా ఈ సదుపాయం ఉండదు.

కృష్ణలంక అబ్బాయి:
అందరికీ ధన్యవాదాలు. నిజం చెప్పాలంటే, ఈ విషయం నాన్నగారిని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఇప్పుడు అడుగుదామన్నా నోరు రావడం లేదు.

రేడియాలజిస్టుగారూ, మీ ప్రశ్నకు ఆలస్యంగా జవాబిస్తున్నాను. బయాప్సీ అయిన 12వ రోజున ఎమ్మారై తీశారు.

ఫిల్మ్‌ చదివేవాడు:
అది ముందే తెలిసి ఉంటే ఇంత వాదన అవసరముండేది కాదు. సూది గుచ్చినచోట రక్తం నిలిచిపోతుంది. ఎమ్మారైలో టి1, టి2 అని రెండు రకాల చిత్రాలు ఉంటాయి, వ్యాధి దశల పేర్లతో వాటికి సంబంధం లేదు. టి2 చిత్రాల్లో ఆ రక్తం కూడా వ్యాధిలాగే నల్లగా కనిపించి, పొర అంచును మసకబారుస్తుంది. అందుకే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. రిపోర్టు కాగితం కాకుండా సీడీ తీసుకుని మరో రేడియాలజిస్టుకు చూపించండి. టి1 చిత్రాల్లో అదే చోట తెల్లగా ఉంటే రక్తమేమోనని అనుమానించాలి, అవసరమైతే స్కాన్‌ మళ్లీ తీయించాలి. గ్లీసన్‌ 3+4కు కొన్ని వారాల ఆలస్యం వల్ల కొంప మునగదు. ఇక నాన్నగారిని మీరు అడగనక్కర్లేదు. సర్జన్‌నే అడగమనండి, ఆ సమయంలో మీరు గదిలో ఉండకండి.

విజయనగరం వాసి:
రక్తమే అయినా కింద వ్యాధి లేదని దానర్థం కాదు. సీడీ చూపించండి, కాని ఆలస్యం చేయకండి.

లెక్కల మాస్టారు:
12వ రోజున తీసిన స్కాన్‌తో టి3ఎ అని రాశారు! ఆ 57 శాతం ఎనిమిది వారాలు ఆగి తీసినవాటికా, ఇలాంటివి కూడా కలిపా అన్నది రేడియాలజిస్టుగారు ఇంకా చెప్పలేదు.