మడ్ సర్వర్: 5,000 మాబ్‌లు, సెకనుకో టిక్. పైథాన్ వదిలి సీకి మారాలా?

గదులమేస్త్రి:
ఎవెన్నియా (పైథాన్‌లో మడ్‌లు కట్టే ఇంజిన్) మీద మడ్, అంటే చాలామంది కలిసి అక్షరాలతో ఆడే ఆన్‌లైన్ ఆట, కడుతున్నాం. గదులు 2,000, మాబ్‌లు (సర్వరే ఆడించే ప్రాణులు) 5,000. ప్రతి మాబ్‌కీ సెకనుకోసారి నడిచే స్క్రిప్టు (అదే టిక్) ఉంది: హెచ్‌పీ (ప్రాణబలం) పెంచుతుంది, అప్పుడప్పుడు పక్క గదిలోకి తిప్పుతుంది. హెచ్‌పీ డీబీ ఆట్రిబ్యూట్‌లో (డేటాబేస్‌లో నిలిచే విలువ) ఉంది. పదిమంది ఆడుతున్నా ‘చూడు’ అని కొడితే రెండు మూడు సెకన్లకి గానీ జవాబు రావట్లేదు. సర్కిల్‌మడ్ లాంటి, సీ భాషలో రాసిన మడ్ కోడ్‌కి మారితే తీరుతుందా? ఆటగాళ్లు తెగిపోకుండా రీలోడ్ చేసే సౌకర్యం మాత్రం వదులుకోలేం.

టిక్‌లెక్క:
మారకండి, లెక్క వేసుకోండి. 60 మంది సెకనుకో కమాండ్ కొట్టి, ఒక్కోటి 2 మిల్లీసెకన్లు తీసుకున్నా మొత్తం 120. సెకనులో ఎనిమిదో వంతు కూడా కాదు. పైథాన్‌కి అదేం బరువు కాదు.

బరువల్లా ఆ హెచ్‌పీ దగ్గరే. డీబీలో విలువ మార్చిన ప్రతిసారీ అది డేటాబేస్‌కి వెళ్తుంది. అంటే సెకనుకు 5,000 రాతలు. ఒక్కో రాత విడి ట్రాన్సాక్షన్ అయితే ఎస్క్యూలైట్ (ఎవెన్నియా మామూలుగా వాడే డేటాబేస్) డిస్క్ కోసం ప్రతిసారీ ఆగుతుంది. గేమ్ లూప్ ఒకే థ్రెడ్డు (ఒకదాని తర్వాతే ఇంకో పని) కాబట్టి దాంతోపాటు అందరూ ఆగుతారు. ఇదే పని సీలో రాసినా ఇంతే.

మాబ్ హెచ్‌పీని ఎన్‌డీబీకి (మెమరీలో మాత్రమే ఉండే విలువ) మార్చండి. రీలోడ్‌లో అది చెరిగిపోతుంది, సగం చచ్చిన బాస్ నిండు హెచ్‌పీతో లేస్తాడు. బాస్‌లకి మాత్రం రీలోడ్‌కి ముందు ఒక్కసారి డీబీలో దాచండి. ఆ తర్వాత సీప్రొఫైల్ (ఏ కోడ్ ఎంత సమయం తింటోందో చూపే పైథాన్ పనిముట్టు) పెట్టి ఐదు నిమిషాలు నడిపి చూడండి. చూడకుండా కోడ్ తిరగరాయడం దండగ.

పాతసాకెట్:
హెచ్‌పీకి అసలు టిక్కే అక్కర్లేదు. చివరి విలువ, అప్పటి సమయం దాచి, ఎవరైనా చూసినప్పుడో కొట్టినప్పుడో లెక్కకట్టండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హెచ్‌పీ 40, నిలబడితే పది సెకన్లకి 2, కూర్చుంటే 6 అనుకోండి. నిమిషం నిలబడ్డాక 52 ఉండాలి. కూర్చున్న క్షణాన పాత లెక్క తేల్చకుండా రేటు మార్చేస్తే, ఆ నిమిషమంతా కొత్త రేటే పడి 76 వస్తుంది. రేటు మార్చే ప్రతిచోటా (కూర్చోవడం, విషం, మంత్రం) ముందు పాత బాకీ తేల్చాలి. గోడ గడియారం బదులు సర్వర్ నడిచిన సమయం వాడండి, లేకపోతే రాత్రంతా సర్వర్ ఆగితే పొద్దున అందరూ నిండుగా లేస్తారు.

గదులమేస్త్రి:
మరి తిరగడం? దాన్ని సమయంతో లెక్కకట్టలేం కదా.

టిక్‌లెక్క:
దాన్ని చూసేవాళ్లున్న చోటే నడపండి. రోమ్ అనే ఇంకో సీ మడ్ కోడ్ చేసేదీ ఇదే: ఏరియాలో ఆటగాళ్లు లేకపోతే అక్కడి మాబ్‌లను దాటేస్తుంది, ఎప్పుడూ నడవాల్సినవాటికి విడిగా ఓ ఫ్లాగ్ (గుర్తు) ఉంటుంది. వేటాడే మాబ్‌కి ఆ ఫ్లాగ్ మరిస్తే, ఆటగాడు ఏరియా దాటాక వెనకాల అది బొమ్మలా నిలబడిపోతుంది. సెకనుకోసారి తిప్పడం కూడా ఎక్కువే. సర్కిల్‌మడ్ మాబ్‌లని పది సెకన్లకోసారి కదుపుతుంది, ఎవరికీ లోటు తెలియదు.

పాతసాకెట్:
సీ అంటే వేగం అనుకునేవాళ్లకి ఇంకో మాట. సర్కిల్‌మడ్‌లో ఎవరైనా కనెక్ట్ అయితే వాళ్ల ఐపీ అడ్రస్‌కి పేరు వెతుకుతుంది. ఆ పేరు చెప్పే నేమ్ సర్వర్ నెమ్మదిస్తే ఆట మొత్తం గడ్డకడుతుంది. అందుకే దాన్ని ఆపడానికి కాన్ఫిగ్‌లోనే ఓ సెట్టింగ్ పెట్టారు.

గదులమేస్త్రి:
సరే, ముందు బాస్‌లు కాని మాబ్‌లకి స్క్రిప్టు పీకేస్తున్నా. తిరగడానికి ఏరియాకో టిక్కర్ (ఒకే టైమర్), పది సెకన్లకి.