హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టాక తమ్ముడి మెడలో గడ్డలు: ఈ దశ దాటినవారు ఉన్నారా?

నమస్కారం. మా తమ్ముడికి 34 ఏళ్లు. నాలుగు నెలలు జ్వరం, విరేచనాలు, నోట్లో తెల్లని పూత, మనిషి సగమయ్యాడు. పరీక్షలో హెచ్‌ఐవీ అని తేలింది. రోగాలతో పోరాడే సీడీ4 అనే తెల్ల రక్తకణాలు 112 మాత్రమే. అవి 200 కంటే తగ్గితే క్షయ, న్యుమోనియా వంటివి సులువుగా పట్టుకుంటాయని డాక్టరు గారు వివరించారు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకొకటి, దానితో పాటు ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ అనే మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. పూత పోయింది, ఆకలి పెరిగింది. అమ్మ ముఖంలో మళ్లీ వెలుగు చూశాను.

మూడో వారంలో జ్వరం తిరగబెట్టి, మెడ పక్కన గడ్డలు లేచాయి. రోగనిరోధక శక్తి పుంజుకునేటప్పుడు, అంతవరకు లోపల దాగి ఉన్న క్షయ ఇలా బయటపడవచ్చట. సోమవారం గడ్డ నుంచి సూదితో నమూనా తీస్తారు. వాడు మాత్రం భయపడి మాత్రలే మానేస్తానంటున్నాడు. అలా మానేస్తే వైరస్ మళ్లీ విజృంభిస్తుందని నాకు తెలుసు, వాడికి నచ్చజెప్పలేకపోతున్నాను.

ఈ దశ దాటినవారు, వారి ఇంటివారు దయచేసి చెప్పండి. గడ్డలు తగ్గడానికి ఎంతకాలం పట్టింది? క్షయ మందులు కలిపినప్పుడు డోలుటెగ్రావిర్ మోతాదు పెంచారా? మాత్రలు మానకుండా మీవాళ్లను ఎలా ఒప్పించారు?