ఓఏఈ పాస్ అయ్యాక కూడా బెరా ఎందుకు?

ఖమ్మం అమ్మ:
మా బాబు 28 వారాలకే పుట్టాడు, 1,050 గ్రాములు. 52 రోజులు ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉన్నాడు. 9 రోజులు వెంటిలేటర్, ఇన్ఫెక్షన్‌కి 10 రోజులు అమికాసిన్ ఇంజెక్షన్లు. కామెర్లు ముదిరి ఒకసారి రక్తం కూడా మార్చారు. ఇంటికి పంపే ముందు చేసిన ఓఏఈ అనే వినికిడి పరీక్షలో రెండు చెవులూ పాస్. అయినా డిశ్చార్జ్ సమ్మరీలో బెరా అనే ఇంకో వినికిడి పరీక్ష చేయించమని రాశారు. మా అత్తమ్మ వాడి వెనక నిలబడి స్టీలు పళ్ళెం మోగిస్తే ఉలిక్కిపడుతున్నాడు. "మంచిగ ఇనపడుతుంటే పసిగుడ్డుకు మత్తిచ్చుడెందుకు?" అంటోంది. ఏం చెప్పను?

ఆడియాలజిస్ట్:
పళ్ళెం మోత చాలా పెద్దదండి. ఓ మోస్తరు లోపం ఉన్న పిల్లలు కూడా దానికి ఉలిక్కిపడతారు. అమికాసిన్ చెవిని దెబ్బతీయొచ్చు, దాని వల్ల ముందు వినపడకుండా పోయేది "స" లాంటి సన్నటి శబ్దాలు. ఓఏఈ చూసేది లోపలి చెవిలోని కణాలు ఎలా ఉన్నాయన్నంత వరకే. కామెర్లు దెబ్బతీసేది అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరాన్ని. అది బెరాలోనే దొరుకుతుంది. ఈ బాబుకి రక్తం మార్చారు కాబట్టి నాకు అమికాసిన్ కన్నా అదే ఎక్కువ భయం. ఈ వయసులో చాలామందికి మత్తు అక్కర్లేదు, కడుపునిండా పాలు తాగి నిద్రపోతే చాలు. ఇప్పుడు బాగున్నా బాబుకి 9 నెలలు నిండే లోపు మరోసారి చూపించండి.

సమ్మరీలో లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) ఉందా? మీ పుట్టింటి వైపు ఇంజెక్షన్ల తర్వాత ఎవరికైనా వినికిడి తగ్గిందా?

కవలల తల్లి, కరీంనగర్:
జిల్లా ఆసుపత్రిలోని డైస్ సెంటర్‌లో (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చూసే చోటు) అడగండి, పైసా ఖర్చు ఉండదు. టెస్టు రోజు పొద్దున బాబును నిద్రపోనివ్వకండి. ఆటోలో కునుకు తీశాడా, ఆ రోజు పోయినట్టే. మాకు రెండుసార్లు అదే అయింది. మూడోసారి తేలింది, చిన్నదానికి 7 నెలలకు వినికిడి మిషన్ పెట్టారు. చెవిలో నూనె మాత్రం పొయ్యనివ్వకండి, ఎవరు చెప్పినా సరే.

ఖమ్మం అమ్మ:
లాసిక్స్ నాలుగుసార్లు ఇచ్చినట్టుంది. ఇంకోటి, మా అమ్మ సొంత అక్కకి టీబీ సూదులు వేయించుకున్నాక వినపడటం తగ్గింది. వయసు వల్లే అనుకున్నాం. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా లేవు.

ఆడియాలజిస్ట్:
లాసిక్స్, అమికాసిన్ కలిస్తే చెవికి దెబ్బ పెరుగుతుంది. పెద్దమ్మగారి సంగతి మాత్రం పిల్లల డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అమికాసిన్, కొన్ని టీబీ సూదుల్లాంటి మందులు చెవికి పడని గుణం కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి పిల్లలకు వస్తుంది, జన్యు పరీక్ష ఉంది. అది తేలేదాకా బాబుకి జ్వరమొచ్చి ఎక్కడ చేర్చినా, అమికాసిన్, జెంటామైసిన్ రాసే ముందే ఈ మాట చెప్పండి. ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోండి.